తెల్లరంగు కింద సముద్రం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు బొమ్మలు రావు. నేను గీసిన ఏనుగును చూసి ఇంట్లోవాళ్ళు "కుట్టుమిషను బాగుందే" అన్నారు. యూనివర్సిటీలో బొమ్మల కోర్సంటే హాయిగా కాలక్షేపం అనుకునేదాన్ని. ఈ కేసు విన్నాక నోరు మూసుకున్నాను.

దర్జీ షాపు మీద ఒంటిగది ఆఫీసు. డిటెక్టివ్ ముప్పై దాటిన కోడలు. అసిస్టెంటు ఆమె మామగారు. రిటైరయ్యాక ఆయనకున్న పనులు రెండే: స్కూటర్ నడపడం, కోడలి తెలివిని ఊరంతా చాటడం.

ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన అమ్మాయి గోళ్ళ నిండా రంగే.

"కూర్చోమ్మా. ముందు కాసిన్ని మంచినీళ్ళు తాగు" అన్నాడు మామగారు.

"నీళ్ళొద్దండీ. నేను ఏం చెయ్యలేదని తేల్చేవాళ్ళు కావాలి."

ఆమెది పిల్లలకు బొమ్మలు నేర్పే టీచర్లను తయారుచేసే కోర్సు. అదే బిల్డింగులో చిత్రకారుల కోర్సు కూడా ఉంది. వాళ్ళు ఈమెను ఎగతాళిగా 'టీచరమ్మ' అంటారు. వాళ్ళలో అందరూ నెత్తిన పెట్టుకునే కుర్రాడికి 'హీరో' అని పేరు. అతని ఫైనల్ పెయింటింగ్, ఆరడుగుల సముద్రం, పొద్దున్న చూసేసరికి తెల్లరంగులో మునిగిపోయి ఉంది. బొమ్మ నిలబెట్టే ఈజిల్ కింద టీచరమ్మ పెట్టెలోని తెల్ల నూనెరంగు ట్యూబులు ఖాళీగా పడున్నాయి. రంగు పూసే కత్తి కూడా ఆమెదే.

"పెట్టెకి తాళం ఉండదా?" అడిగింది డిటెక్టివ్.

"ఎవరికీ ఉండదండీ. ఒకే గదిలో అరలు."

"మరి నీ మీదే ఎందుకు?"

"ముందురోజు క్యాంటీన్‌లో గొడవైంది. బొమ్మలు రానివాళ్ళే టీచర్లవుతారన్నాడు. నీ సముద్రం ఎవరైనా చూశారా, ఎప్పుడూ ముసుగేసుకునే ఉంటుంది, పెళ్ళికూతురా ఏంటి అన్నాను. అందరూ నవ్వారు."

డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు తీర్పు చెప్పేశారట: అందరి ముందూ సారీ చెప్పాలి, లేకపోతే టీచింగ్ పరీక్షకి పంపరు. పరీక్ష లేకపోతే డిగ్రీ లేదు.

"పోనీ, ఒక్క మాట సారీ అనేస్తే..." అని నసిగాడు మామగారు.

"అంటే నేనే చేశానని ఒప్పుకున్నట్టేగా! తోటివాళ్ళ బొమ్మ పాడుచేసినదాన్ని ఏ బడి రానిస్తుందండీ? డిగ్రీ పోతే పోనీ. చెయ్యని తప్పుకి మాత్రం చచ్చినా సారీ చెప్పను."

డిటెక్టివ్ చెప్పులు వేసుకుంది. "మామయ్యా, స్కూటర్..."

"ఎప్పుడో తీశానమ్మా" అన్నాడాయన. అప్పటికే నెత్తిన హెల్మెట్.

స్టూడియోలో నూనెరంగులు కరిగించే టర్పెంటైన్ వాసన గుప్పుమంటోంది. హీరో ఓ మూల తల పట్టుకుని కూర్చున్నాడు. పైనుంచి కిందదాకా అట్లపిండి పరిచినట్టు కాన్వాస్ నిండా తెల్లరంగు. డిటెక్టివ్ ముక్కు ఆనించినంత దగ్గరగా చూసింది. తర్వాత పక్కలకి వెళ్ళి, చట్రం మీదుగా మడిచిన అంచులు చూసింది.

"ఎప్పుడు పూర్తిచేశారు?"

"నిన్న సాయంత్రమే. ముదురు నీలం, ఆఖరి పూత. ఇంకా ఆరక పచ్చిగానే ఉండింది. ఏడాది కష్టం మేడమ్!"

"అయ్యో. మీ పాత బొమ్మలేనా ఇవి?"

గోడకి ఆనించిన మూడు బొమ్మలు చూపించాడు. వాటి అంచుల నిండా రంగుల చారికలు, వేలిముద్రలు.

"మా వంటింటి గట్టు నయం" అని గొణిగాడు మామగారు. "ఈ సముద్రం అంచులు మాత్రం పెళ్ళివారొస్తున్నారని తుడిచినట్టున్నాయి."

కోడలు ఆయనవైపు మెచ్చుకోలుగా చూసింది. మామగారికి ఎందుకో అర్థం కాలేదు గానీ ఛాతీ మాత్రం పొంగింది.

మధ్యాహ్నం ఇద్దరూ టీచరమ్మ కోర్సులో భాగంగా పాఠం చెప్పే బడికి వెళ్ళారు. పిల్లలు ఆకాశం వేస్తున్నారు. ఓ చిన్నది ఏడుపు మొహంతో లేచింది.

"టీచర్! నా మబ్బు నీలమైపోయింది!"

"ఆకాశం ఆరకముందే మబ్బు పెట్టేశావు కదమ్మా. తడి మీద తడి పెడితే రెండూ కలిసిపోతాయి. పర్లేదు, అది వానమబ్బు అనుకో."

పక్కనే ఒక బాబు ఖాళీ కాగితం ముందు బిగుసుకుపోయి కూర్చున్నాడు. టీచరమ్మ వాడి కాగితం మధ్యలో తనే ఒక అడ్డదిడ్డం గీత గీసింది. "చూశావా, పాడైపోయింది. ఇక భయం దేనికి? కానివ్వు." వాడు కుంచె అందుకున్నాడు.

"పదండి మామయ్యా, దొరికింది" అంది డిటెక్టివ్.

"ఎవరు?"

"ఎవరో కాదు, ఎందుకో."

సాయంత్రం అందరూ స్టూడియోలో చేరారు. హెడ్డుగారు, హీరో, టీచరమ్మ, రెండు కోర్సుల స్టూడెంట్లూ. డిటెక్టివ్ ఒక పాత గుడ్డను టర్పెంటైన్‌లో ముంచింది.

"శుభవార్త. తెల్లరంగు ఇంకా ఆరలేదు. తుడిచేద్దాం."

హీరో చివాల్న లేచాడు. "వద్దు! కింది నీలం కూడా ఊడొస్తుంది!"

"రావాలి. పచ్చి రంగేగా. ఓ మూల కొంచెం చూద్దాం, గుడ్డకి ఎంత నీలం అంటుతుందో."

"నా బొమ్మ ముట్టుకోవద్దంటే ముట్టుకోవద్దు!"

"ఏడాది కష్టం దక్కుతుందంటే ఎగిరి గంతెయ్యాల్సింది పోయి అడ్డుపడతావేంటి బాబూ?" అన్నాడు మామగారు.

డిటెక్టివ్ హెడ్డుగారి వైపు తిరిగింది. "పచ్చి నీలం మీద కత్తితో తెలుపు రాస్తే తెల్లగా ఉంటుందా సార్?"

హెడ్డుగారు గొంతు సవరించుకున్నారు. "ఉండదు. నీలిచారలు పడతాయి."

"ఇందులో ఒక్క చార చూపించండి. ఇతని బొమ్మలన్నిటికీ అంచుల మీద రంగులున్నాయి, దీనికి తప్ప. ఈ ముసుగు కింద ఏముందో ఏడాదిగా ఎవరూ చూడలేదు. ఆ మాట టీచరమ్మ నలుగురిలో అన్నాక ఇతనికి నిద్ర పట్టలేదు. ఆమె పెట్టెలోవే తీసి పూశాడు. బొమ్మ చూపించే పనీ తప్పుతుంది, పగా తీరుతుంది."

డిటెక్టివ్ ఒక మూల గట్టిగా తుడిచి గుడ్డ పైకెత్తింది. తెలుపు. మళ్ళీ తుడిచింది. తెలుపే. కింద కొత్త కాన్వాస్ తేలింది. అక్కడ సముద్రం లేదు, చుక్క నీరు లేదు.

హీరో కింద కూలబడ్డాడు. "అందరూ గొప్పవాడివి, గొప్పవాడివి అన్నారు. కుంచె ఎత్తితే చెయ్యి ఆడలేదు" అన్నాడు.

హెడ్డుగారు చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నారు. "సరే, జరిగిందేదో జరిగింది. ఇది మన నాలుగ్గోడల మధ్యే ఉండనిద్దాం. నువ్వు పరీక్షకి వెళ్ళమ్మా."

"వెళ్తాను సార్. కానీ నన్ను ఎంతమంది ముందు సారీ చెప్పమన్నారో వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు" అని టీచరమ్మ తెల్లరంగు అంటిన ఆ గుడ్డ ఆయన చేతిలో పెట్టింది. "మొదలెట్టండి."

హెడ్డుగారు గుడ్డ చూశారు, కాన్వాస్ చూశారు, తలుపు కూడా చూశారు. తలుపు దగ్గర మామగారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారీ అమ్మా" అన్నారు హెడ్డుగారు.

"వెనకవాళ్ళకి వినపడలేదు సార్."

మళ్ళీ చెప్పారు. ఈసారి మెట్లదాకా వినపడింది.

టీచరమ్మ వెళ్తూ వెళ్తూ హీరో దగ్గర ఆగింది. "నిన్ను నేను క్షమించట్లేదు. కానీ రేపు మా బడికి రా. ఖాళీ కాగితం చూసి భయపడేవాళ్ళకి ఏం చెయ్యాలో మా కోర్సులో నేర్పుతారు. మీ కోర్సులో లేదనుకుంటా."

స్కూటర్ మీద మామగారు దారిపొడుగునా "మా కోడలు! మా కోడలు!" అని పాటలా పాడుతూనే ఉన్నాడు.

సరే, ఇప్పుడు మీరు చెప్పండి. చెయ్యని తప్పుకి సారీ చెప్పమని మిమ్మల్ని ఎవరైనా నిలబెట్టారా? చెప్పేసి ఊరుకున్నారా, గుడ్డ వాళ్ళ చేతికే ఇచ్చారా? రాయండి, చదువుతాను. బొమ్మ మాత్రం వేసి పంపమనకండి.