కాలేయం మీది సందు

డాక్టరు నోరు తెరవకముందే జబ్బు పేరు చెప్పేయడం నాలో ఉన్న గొప్ప గుణం. ఆయనకు శ్రమ తగ్గుతుంది గదా. ఏడో తరగతితో బడి మానేసి ఎమ్మిగనూరులో మగ్గమెక్కిన వాణ్ణి. మిగతా చదువంతా సెల్లులోనే. ఆ చదువుతో నాకు నేనే రెండు మూడు సార్లు గుండెపోటు తేల్చుకున్నా. అన్నీ గ్యాసే.

ఈసారి కుడి భుజం నొప్పి. మా మామ సుంకప్ప పోయినాక మొదలైంది. మా ఇళ్ళలో నేతగాడు పోతే, మగ్గం మీది పడుగు దారాలు కోసేదాకా, మగ్గం కింద ఆయన కాళ్ళు దించి కూర్చున్న గుంతలోకి ఎవరూ దిగరు. సగం నేసిన చీర అట్లే ఉంది. బతికినన్నాళ్ళూ "నీది నేతనా, గోనెసంచి కుట్టడమా?" అని నన్ను ఎగతాళి చేసిన మనిషి. ఆయన చీర నేనే ముగించి చూపిస్తానని బయల్దేరినా.

నా పెండ్లాం పుష్ప ఆయన కూతురే. గడప కాడ నిలబడి మెల్లగా అనింది. "వద్దు బావా. నాయన ఇంగా గుంతలోంచి లెయ్యలేదు."

దిగినా. ముగించినా. లేవబోతే ఎవరో భుజం మీద చెయ్యేసి అణిచినట్టయింది.

జ్వరం కూడా తగులుకుంటే ఆదోనిలో స్కానింగుకు పోయినాం. మిట్టమధ్యాహ్నం. బయట పత్తి లారీల హారన్లు. గదిలో మాత్రం కిటికీలకు నల్లగుడ్డలు, స్పిరిట్ వాసన, కడుపు మీద చల్లటి జిగురు.

"నొప్పి భుజానికైతే కడుపెందుకు మేడమ్?" అన్నా.

డాక్టరమ్మ అరుణకుమారి నవ్వింది. "లివర్‌కూ, దాని మీద గొడుగులా ఉండే డయాఫ్రానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. అక్కడ చీము చేరితే నొప్పి భుజంలో తెలుస్తుంది. నీ సెల్లు చెప్పలేదా?"

"సిగ్నల్ లేదు మేడమ్."

"చీముంటే ఈరోజే సూదితో తీయాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు."

పుష్ప నా పాదం గట్టిగా పట్టుకుంది.

తెర మీద బూడిదరంగు కొండలా నా కాలేయం. దాని కింద, కుడి మూత్రపిండానికి ఆనుకొని ఒక లోయ. వెల్లకిలా పడుకుంటే లోపల ఒలికిన నీరంతా చేరేది ఆడికేనంట. ఖాళీ. కొండ పైన సందు. దాని నడుమ గోడలా ఒక మడత. కుడిపక్కది ఎడమపక్కకు పోకుండా అడ్డం.

"ఊపిరి బిగబట్టు."

బిగబట్టినా.

కుడి సందులో... నల్లగా, సన్నగా ఒకటి. రెండు కొసలూ మొనదేలి, మగ్గంలో పేక దారంతో అటూ ఇటూ ఉరికే నాడె మాదిరి. కదిలింది. మడత దాకా వచ్చింది... దాటింది. ఎడమకు. మళ్ళీ కుడికి.

"బిగబట్టమన్నాను," డాక్టరమ్మ గుసగుసలాడింది.

"బిగబట్టే ఉన్నాడు మేడమ్," అనింది పుష్ప.

టక్... టక్...

బయట కాదు. నా పక్కటెముకల లోపల.

"బావా... నాయన నేస్తాండాడు."

ఊపిరి తీసుకోబోయినా. రాలేదు. భుజం మీద బరువు... ఇంకా బరువు... కండ్ల ముందర చీకట్లు. చచ్చేటప్పుడైనా ఈ మనిషి ముందర తల వంచగూడదనిపించింది. మిగిలిన గాలంతా కూడగట్టి అన్నా.

"మామా... చీర అయిపోయింది. నీకంటే బాగా నేసినా. ఇది నా కడుపు. నీ గుంత కాదు. లెయ్."

సప్పుడు ఆగింది. ఊపిరి వచ్చింది.

డాక్టరమ్మ అన్ని సందులూ మళ్ళీ వెతికింది. చీము లేదు, నీరు లేదు. "ఏమీ లేదు, పోండి," అనింది, నా ముఖం చూడకుండా.

ఆ మగ్గం పీకేయమన్నారు పెద్దలు. నేను కొత్త పడుగు ఎక్కించినా. అదే గుంత. భుజం బరువెక్కిన రోజు ఇంకో జానెడు ఎక్కువే నేస్తా. భయం లేక కాదు. నేను లేస్తే గెలిచేది ఆయన.

నిన్న అన్నాలు తిన్నాక పుష్ప నా కుడి పక్కటెముకల మీద చెవి ఆనించింది. చానాసేపు విన్నది. తర్వాత నెమ్మదిగా, "సరే నాయనా," అనింది.

లోపలి సందులన్నీ నేర్చుకున్నా. దేనికి సరే అన్నావని పెండ్లాన్ని అడగడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.