నూరు రోజుల సూది

"నాడి ఎంత ఉంది రాజలింగూ?"

నూట ఎనభై మీటర్ల కింద రాజలింగు లెక్కపెట్టుకుంటున్నాడు. ఫోన్‌లో అతని ఊపిరి మాత్రమే వినిపిస్తోంది.

"ముప్పై ఒకటి, మేడమ్."

"ఆకలి?"

"లేదు. ఆకలంటే ఎట్లుంటదో యాదికే వస్తలేదు."

డాక్టర్ వినోదిని రాసుకుంది. నల్లగుట్ట బొగ్గుగనిలో పైకప్పు కూలి అది నలభై ఒకటో రోజు. లోపల రక్షణ గదిలో తొమ్మిది మంది. కూలిన రాళ్ల కింద నలిగిన సన్నటి పైపులోంచి గాలి మాత్రమే దూరుతోంది. గోడల్లో నీళ్లు ఊరుతున్నాయి. తిండి లేదు. అయినా అందరూ బతికే ఉన్నారు, ఆమె కనిపెట్టిన సూది వల్ల.

అంటార్కిటికా చలికాలంలో మగ ఎంపరర్ పెంగ్విన్ గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట మడత కింద దాచి, దాదాపు నాలుగు నెలలు ఏమీ తినకుండా గడుపుతుంది. దాని శరీరం కండ జోలికి పోకుండా కొవ్వునే పొదుపుగా కాల్చుకుంటుంది. ఆ పొదుపును నడిపే జన్యువులను వినోదిని మనిషి కణాల్లో పనిచేసేలా చేసింది. గని కార్మికులకు ఏడాదికో సూది. రెండు రోజులు తిండి అందకపోతే మందు మేలుకుంటుంది. నూరు రోజులు బతకొచ్చని ఆమే సంతకం పెట్టి ఇచ్చింది.

బయట రాజలింగు భార్య ఓదెమ్మ ఆమెను నిలేసింది. "మావోళ్లను తీసే డ్రిల్లింగ్ మిషిని రెండో బాయి కాడికి తోలుకపోయిన్రు. ఎందుకు మేడమ్?"

వినోదిని గని మేనేజర్ దగ్గరకు పరుగెత్తింది. ఆయన తాపీగా ఆమె రిపోర్టే తీసి చూపించాడు. "ఇంకా యాభై తొమ్మిది రోజులుంది కదండీ. ఆ రెండో గనిలో ఉత్పత్తి ఆగిపోయింది. ముందు అది చూసుకుని..."

"అది ఆఖరి హద్దు సార్! అప్పటిదాకా ఆగమని కాదు."

"రాసింది మీరేగా."

ఆమె గొడవ చేయాల్సింది. చేయలేదు. మందు నూరు రోజులూ నిలుస్తుందో లేదో చూడాలన్న ఆశ ఆమె లోపల ఎక్కడో ఉంది.

మిషన్ తిరిగొచ్చేసరికి అరవై ఆరో రోజు.

డెబ్బై ఎనిమిదో రోజు పొద్దున రాజలింగే ఫోన్ చేశాడు. "మేం పోతున్నం మేడమ్."

"ఎక్కడికి?"

"తిండి దిక్కు."

వినోదినికి అప్పుడు అర్థమైంది. కొవ్వు అడుగంటితే పెంగ్విన్ శరీరం ఇక ఆగదు. ఆడపక్షి తిరిగి రాకపోయినా సరే, గుడ్డును వదిలేసి తిండి కోసం దాన్ని సముద్రం వైపు నడిపిస్తుంది. ఆ గుణం కూడా జన్యువులతో పాటు మనుషుల్లోకి వచ్చేసింది. ట్రయల్స్‌లో అది బయటపడలేదు. అప్పుడు సూది వేయించుకున్నవాళ్లు మంచి తిండి తిన్న కాలేజీ కుర్రాళ్లు. రాజలింగు లాంటివాళ్ల ఒంట్లో కొవ్వు మొదట మాత్రం ఎక్కడుంది?

"తలుపు తీయొద్దు! బయటంతా గ్యాస్. ఐదు రోజులు ఆగండి, ఐదే!"

"ఎరుకే మేడమ్. కాళ్లు ఆగుతలేవు."

ఓదెమ్మ ఫోన్ లాక్కుంది. "ఏమయ్యో! కూసోవయ్యా! నా మాటినవయ్యా!"

గడియ తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత అడుగుల చప్పుడు.

ఐదో రోజున రక్షణ సిబ్బంది లోపలికి వెళ్లేసరికి గది ఖాళీగా ఉంది. తొమ్మిది మందీ ఎనభై అడుగుల దూరంలో, ఒకరి వెనక ఒకరు పడి ఉన్నారు.

విచారణ సంఘానికి వినోదిని అంతా చెప్పింది, తన ఆశ సంగతి తప్ప. ఆకలితో ఎవరూ చనిపోలేదని, మందు పనిచేసిందని సంఘం రాసింది.

ఓదెమ్మకు భర్త ఉద్యోగం ఇచ్చారు. మొదటి రోజే డిస్పెన్సరీ ముందు వరుసలో నిలబెట్టారు. సూది వేయించుకోనిదే కిందికి దింపరు.

నర్సు చేయి పట్టుకుంటే ఓదెమ్మ అడిగింది. "ఇది ఏసుకోకుంటే, బాయి కూలిననాడు మమ్ముల ఎన్ని దినాలల్ల తీస్తరమ్మా?"

"సూది లేకపోతే ఎన్నాళ్లు బతుకుతారు? వెంటనే తీయాల్సిందే," అంది నర్సు, దూదితో చేయి తుడుస్తూ.