కాసేపాగి మళ్ళీ రండి

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ల్యాబ్‌లో ఎవరూ వాడరు. మెయిల్ వెళ్ళక వెనక్కి తిరిగొచ్చినప్పుడల్లా అడుగున 'పోస్ట్‌మాస్టర్' అని ఉంటుంది కదా, ఆ మెయిల్ సర్వర్‌ని చూసుకునేది ఈయనే కాబట్టి ఆ పేరే అంటుకుపోయింది. ఇంట్లో అక్క కూడా "ఏరా పోస్ట్‌మాస్టరూ, తిన్నావా?" అని ఏడిపించేది.

మనిషికి శుభ్రం పిచ్చి. పిచ్చంటే మామూలు పిచ్చి కాదు. బస్సులో కమ్మీ పట్టుకోడు, ఇంకొకరు తాగిన గ్లాసు మూడుసార్లు కడిగిచ్చినా ముట్టుకోడు. అలాంటివాడికి ఉద్యోగం ఎక్కడ దొరికిందంటే, రక్తాలూ కఫాలూ కోసి తీసిన గడ్డలూ పరీక్ష చేసే ల్యాబ్‌లో! ఆయన గది రెండో అంతస్తులో ఉంటుంది. కిటికీ లేదు. ఒక పక్క మరుగుదొడ్డి, ఇంకో పక్క సీసాల గది. ఆపరేషన్లలో తీసిన గడ్డల్లో పరీక్షకి కొంత కోసుకోగా మిగిలినదాన్ని ఫార్మలిన్ పోసిన సీసాల్లో దాచేది అక్కడే. పదకొండేళ్ళలో ఆయన ఆ గడప తొక్కలేదు. "నా చెత్త నాకు చాలు, మీ చెత్త మీరే ఉంచుకోండి" అనేవాడు.

ఆయన చెత్తేమన్నా తక్కువా? లోకంలో ఉన్న కుళ్ళంతా రోజూ ఆ సర్వర్ గుమ్మం ముందుకొచ్చి పడేది. అడగని పార్సిళ్ళు, గుడ్డల్లేని బొమ్మలు, కడుపులో వైరస్ దాచుకుని పైకి సాధువుల్లా కనిపించే ఫైళ్ళు. అవి చూస్తే ఎవరి ఎంగిలో తన కంచంలో పడ్డట్టుండేది ఆయనకి. ఛీ ఛీ అనుకుంటూనే ఊడ్చేవాడు.

ఆ రోజు మాత్రం ఊడ్చే ఓపిక లేదు. పొద్దుటి నుంచీ గుండె గుండెలో లేదు. అక్క మెడ వెనక లేచిన గడ్డ తీసి ముక్క ఈ ల్యాబ్‌కే పంపారు. ఈయనకి ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే చదువు మానేసి, పెళ్ళి మానేసి పెంచిన అక్క. ఆపరేషన్ చేసిన డాక్టరు సాయంత్రం అయిదింటికి ఆసుపత్రి నుంచి బయల్దేరి నెలరోజులు ఊళ్ళో ఉండడట. "రిపోర్టు అయిదులోపు నా కళ్ళబడాలి. చెడ్డదైతే ప్రయాణం ఆపుకుని రేపు పొద్దున్నే మళ్ళీ కోసేస్తా. నెలాగితే పాకిపోతుంది" అన్నాడు. ఫోన్లో చెబితే ఒప్పుకోడు. సంతకమున్న రిపోర్టు ల్యాబ్ మెయిల్లోంచే రావాలి.

మధ్యాహ్నం రెండున్నరకి మైక్రోస్కోపు డాక్టరమ్మ సంతకం పెట్టి పంపించింది. మెయిల్ కదల్లేదు.

"ఏమండీ పోస్ట్‌మాస్టర్ గారూ, అక్కగారి రిపోర్టు పోవడం లేదు" అని ఆవిడ తలుపు దగ్గరికొచ్చి చెప్పింది.

"రిజల్టేమిటి మేడమ్?"

"నేను నోటితో చెప్పనని మీకు తెలుసు కదా. ముందు మెయిల్ కదిలించండి."

చూస్తే, బయటికి పోవాల్సిన వరసలో నలభై ఒక్క వేల మెయిళ్ళు! కౌంటర్‌లో ఉండే ఆవిడ 'మీ పార్సిల్ వచ్చింది' అనే ఫైలు నొక్కింది. ఆవిడ కంప్యూటర్ అక్కణ్ణుంచి ఆపకుండా వాంతి చేసుకుంటూనే ఉంది. ఈ రోత భరించలేక బయటి సర్వర్లన్నీ ల్యాబ్ పేరుని బ్లాక్‌లిస్టులో పెట్టేశాయి. అంటే ఇక్కణ్ణుంచి మంచి మెయిల్ వెళ్ళినా ఎవరూ తలుపు తీయరు. ఆయన కిందకి పరిగెత్తి ఆవిడ కేబుల్ పీకేశాడు. చెత్త మెయిళ్ళన్నీ తుడిచేశాడు. "శుభ్రం చేశాం, మా పేరు తీసెయ్యండి" అని బ్లాక్‌లిస్టు వాళ్ళకి అర్జీ పెట్టుకున్నాడు. వాళ్ళు తీసేదాకా బయటికి పోయేవన్నీ వరసలో ఆగాల్సిందే, అక్క రిపోర్టుతో సహా.

ఈలోపు మళ్ళీ కుళ్ళు చేరకుండా ఒక కాపలా పెట్టాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే. కొత్తవాడెవడు మెయిల్ తెచ్చినా 'ఇప్పుడు కాదు, కాసేపాగి మళ్ళీ రండి' అని సర్వర్ చెబుతుంది. చెత్త పంపేవాళ్ళకి ఆగే తీరిక ఉండదు, ఇంకో గుమ్మం చూసుకుంటారు. నిజమైనవాడు చెప్పినంతసేపూ ఆగి, మళ్ళీ వచ్చి తలుపు తడతాడు. అప్పుడు రానిస్తారు. దొంగ ఇంట్లోనే బయటపడ్డాడు కాబట్టి లోపలి కంప్యూటర్లకీ అదే నియమం పెట్టాడు. అయిదు నిమిషాల గడువు. పంపినవారి పేరు ఖాళీగా ఉన్నవాటికి మాత్రం 'ఎప్పటికీ రావద్దు' అని పెడదామా అని ఒక్క క్షణం ఆలోచించాడు. కానీ వెళ్ళని మెయిళ్ళ కబురు తెచ్చేవి పేరు లేకుండానే వస్తాయి. అవి ఆగిపోతే అక్క రిపోర్టు చేరిందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకని వాటికీ 'కాసేపాగి' అనే పెట్టాడు.

మూడుంబావుకల్లా సర్వర్ సద్దుమణిగింది. ఫ్యాన్ల హోరు తప్ప చప్పుడు లేదు. హమ్మయ్య అనుకుని మొహం తుడుచుకున్నాడు.

మూడూ ఇరవైకి ఒకటొచ్చింది. పంపినవారి పేరు ఖాళీ. సర్వర్ 'కాసేపాగి రండి' అంది.

మూడూ ఇరవై అయిదుకి మళ్ళీ వచ్చింది. సెకను తేడా లేదు. ఏ యంత్రమైనా నాలుగు సెకన్లు అటో ఇటో వస్తుంది. ఇది గడియారం చూసుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నట్టు వచ్చింది. సర్వర్ రానిచ్చి, మిగతావాటి వెనక వరసలో కూర్చోబెట్టింది.

అనుమానపు ఫైళ్ళు తెరవడానికి దేనితోనూ కలపని పాత కంప్యూటర్ ఒకటుంది ఆయన దగ్గర. దాని నకలు అందులో వేసి తెరిచాడు. రాతలో ఒకటే మాట ఉంది. 'వచ్చాను.' కింద ఒక ఫొటో. తడిగా, లేత గులాబీ రంగులో, వెలుతురు పడి మెరుస్తున్న ఏదో. చిగురులా... కాదు, చిగుళ్ళలా ఉంది. ఛీ అని మూసేశాడు.

అప్పుడే వాసన తగిలింది. ఫార్మలిన్ ఘాటు ఆయనకి అలవాటే, గోడ దాటి వస్తూనే ఉంటుంది. ఇది అది కాదు. పళ్ళు తోముకోని నోరు దగ్గరగా తెరిస్తే వచ్చే వెచ్చటి కంపు. మరుగుదొడ్డి తలుపు మూసొచ్చాడు. కంపు పోలేదు.

ఒకసారి రానిచ్చినవాళ్ళని సర్వర్ నమ్మకస్తుల జాబితాలో రాసుకుంటుంది. దాన్ని అందులోంచి కొట్టేసి, గడువు ఇరవై నిమిషాలు చేశాడు. మూడున్నరకి వచ్చింది. సర్వర్ పొమ్మంది. సరిగ్గా మూడూ యాభైకి తిరిగొచ్చింది.

'మళ్ళీ వచ్చాను.'

ఈసారి ఫొటో దగ్గరగా ఉంది. గులాబీ రంగు మీద సన్నటి వెంట్రుకలు, చీమునీళ్ళలో అంటుకుపోయి ఒకే పక్కకి దువ్వినట్టున్నాయి. మధ్యలో అడ్డంగా ఒక గీత. మూసిన పెదాలంత గీత. ఆయన చెత్తబుట్ట దగ్గరికి లాక్కుని వంగాడు గానీ, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదేమో, చేదు నీళ్ళు తప్ప ఏమీ రాలేదు.

గడువు నలభై నిమిషాలకి పెంచాడు. వెంటనే, మూడూ యాభై రెండుకి వచ్చింది. వెళ్ళింది. ఆయన గడియారం వైపే చూస్తూ కూర్చున్నాడు. నాలుగూ ముప్పై రెండుకి...

'ఇంకా ఎంతసేపు?'

గీత కాస్త విచ్చుకుంది. లోపల నలుపు.

ఇంతసేపూ పంపిందెవరా అని ఆలోచించాడే గానీ, ఎవరికి పంపిందో చూడలేదు. ఇప్పుడు చూశాడు. మూడు మెయిళ్ళూ ఒకరికే. అక్క అడ్రసుకి.

ఎక్కణ్ణుంచి బయల్దేరిందో చూశాడు. బయటి నుంచి కాదు. ఈ అంతస్తులోనే, గోడలో పంతొమ్మిదో నంబరు నెట్ పాయింట్. అది సీసాల గదిలో ఉంది. ఆ గదిలో కంప్యూటరే లేదు.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆ గడప దాటాడు. సీసాలు చూసుకునే పెద్దాయన గోడకి ఆనుకుని, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా..."

"గట్టిగా మాట్లాడకండి సారూ." ఆయన కళ్ళు కింది అర మీదే ఉన్నాయి. "మాట్లాడితే ఇటు తిరుగుతోంది."

గోడలోంచి బూడిద రంగు కేబుల్ ఒకటి దిగి, నేల మీద పాకి, కింది అర మీదికెక్కింది. దాని కొస ఒక సీసాలో ఉంది. మూత పక్కకి ఒరిగిపోయింది. ఫార్మలిన్ చుక్క లేదు. సీసా నిండా, గాజుకి ఒత్తుకుని, అది.

"పొద్దున బఠాణీ గింజంత ఉంది సారూ," పెద్దాయన గుసగుసలాడాడు. "ఒట్టు. నా చేత్తోనే వేశా."

"ఈ కేబుల్ ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. అదే... లాక్కుంది."

సీసాకి అంటించిన చీటీ మీద అక్క పేరుంది.

పారిపోదామనుకున్నాడు. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఎవరైనా పారిపోతారు. కానీ ఆ అడ్రసు కళ్ళముందు మెదిలింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒట్టి చేత్తోనే కేబుల్ పట్టుకున్నాడు. గోడ వైపు నుంచి పీకితే సరిపోయేది. ఆ బుద్ధి ఆ క్షణాన పుట్టలేదు. సీసాలోంచి లాగాడు. రాలేదు. చంటిపిల్ల పాలపీక వదలనట్టు పట్టుకుంది. ఇంకా గట్టిగా లాగాడు... చ్చుప్పుమని ఊడింది. ప్లగ్గుతో పాటు పచ్చటి జిగురు తీగలు తీగలుగా సాగి ఆయన మణికట్టు మీద పడింది. వెచ్చగా ఉంది. జ్వరం మనిషి ఒళ్ళంత వెచ్చగా.

మూత బిగిస్తుంటే లోపలి నుంచి గాజు మీద ఆవిరి పట్టింది. పట్టింది. పోయింది. మళ్ళీ పట్టింది.

"చెత్త కాల్చే కొలిమిలో పడెయ్యండి. ఇప్పుడే," అన్నాడు. పెద్దాయన తలూపాడు గానీ కాలు కదపలేదు.

మరుగుదొడ్డిలో చేతులు తోమాడు. సబ్బు అరిగింది, చర్మం మండింది, జిగురు పోయినా పోనట్టే ఉంది. గోళ్ళ సందుల్లో వాసన. ఇంకోసారి తోమాడు. గదిలోకొచ్చేసరికి అయిదుకి నాలుగు నిమిషాలు.

స్క్రీన్ మీద కబురు మెరుస్తోంది. బ్లాక్‌లిస్టులోంచి పేరు తీసేశారట!

ఆయన ఇంకేం చూడలేదు. చూడడానికి టైమెక్కడుంది? వరసలో ఉన్నవన్నీ ఒక్కసారిగా పంపించే ఆజ్ఞ ఒకటుంటుంది. అది కొట్టేశాడు. రిపోర్టు వెళ్ళింది. నాలుగూ యాభై ఎనిమిదికి డాక్టరుగారి సర్వర్ 'అందింది' అంది. కుర్చీలో కూలబడి, ఆ మాటనే పదిసార్లు చదువుకున్నాడు.

పదకొండోసారి చదువుతుంటే గుర్తొచ్చింది. అన్నీ అంటే అన్నీ. ఆ మూడూ ఆ వరసలోనే ఉన్నాయి. తుడవలేదు.

అక్కకి ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు. మళ్ళీ. అయిదుంబావుకి అక్కే చేసింది.

"ఒరేయ్! ఏమీ లేదట్రా! డాక్టరు గారు ఇప్పుడే ఫోన్ చేశారు. ఉత్త కొవ్వు గడ్డట. ఏడవకురా వెధవా, నేను బాగానే ఉన్నా."

ఆయన నిజంగానే ఏడుస్తున్నాడు. "అక్కా, నీకేమన్నా మెయిల్..."

"ఆఁ, వచ్చాయి. పేరుండదేంట్రా వాటికి? మీ ల్యాబ్ నుంచే కదా, నువ్వే పంపుంటావని తెరిచా. 'వచ్చాను' అని ఉంది గానీ, ఫొటో ఉండాల్సిన చోట ఏమీ లేదు. తెల్లగా, ఖాళీగా ఉంది."

ఆయన ఊపిరి వదిలాడు. "పోన్లే. తీసెయ్. ముట్టుకోకు. నేనొచ్చేస్తున్నా."

"రా, రా. ఒరేయ్, ఒక్క మాట. డాక్టరు నా మెడకి ఎన్ని కుట్లేశాడు? అయిదే కదూ?"

"అయిదే. నేనే చూశా. ఏం?"

"తడిమితే ఏడు తగులుతున్నాయేంట్రా?"

"అక్కా..." ఆయన కుర్చీలోంచి లేచాడు. "చెయ్యి తీసెయ్. అక్కా, వింటున్నావా? చెయ్యి తీసెయ్..."

ఫోన్లో ఏదో తడిగా, సన్నగా చప్పుడైంది. తోలులోంచి సూదితో దారం లాగినట్టు.

"ఎనిమిది" అంది అక్క.