కబురందని పూలు

కోసిన పువ్వు ఎందుకు వాడిపోతుందో ముందు చెబుతాను, లేకపోతే ఆ సాయంత్రం సంగతి మీకు అర్థం కాదు. బళ్లో సైన్సు చెప్పినదాన్ని, ఈ అలవాటు ఒక పట్టాన పోదు.

పువ్వు తనలోనే ఇథిలీన్ అనే హార్మోను తయారుచేసుకుంటుంది. గాలిలో కలిసే వాయువది. ‘ఇక చాలు, రాలిపో’ అనే కబురన్నమాట. ఒకటి వాడితే పక్కవాటికీ ఆ కబురు పాకుతుంది. ముగ్గిన అరటిపండు దగ్గర పెట్టినా అంతే. మా అక్క మనవరాలు పూల కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. ఆ కబురు పువ్వు చెవిన పడకుండా మందు తయారుచేయడమే దాని పని.

“కోసినప్పుడే అది చచ్చిపోయింది చిన్నమ్మమ్మా. ఆ సంగతి దానికి తెలియనివ్వం, అంతే,” అని నవ్వేది.

తల్లి లేని ఆ పిల్లను పెంచింది మా అక్కే. అక్క మంచాన పడ్డాక, ఇక ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు డాక్టరు. పిల్ల కన్నీటి చుక్క రాల్చలేదు. మందు కలిపిన నీళ్లలో తెల్ల గులాబీలు పెట్టి అక్క తలాపున ఉంచింది. ఎండలు పోయి వానలొచ్చాయి. పూలు అలాగే ఉన్నాయి. అక్కా అలాగే ఉంది.

ఆ సాయంత్రం లైటు వేయబోతే అక్క వద్దంది. గదిలో పూల వాసన లేదు. మందుల వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు.

“నీ పాఠాలు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి గానీ, ఒక్కటి పనికొచ్చిందే,” అంది మెల్లగా. “ముగ్గిన అరటిపండొకటి తెచ్చి నా పక్కన పెట్టు.”

నవ్వి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. మణికట్టు మీద వేలు పెట్టి నాడి వెతికాను... ఇక్కడ... ఇంకాస్త పక్కన...

లేదు.

“అలసిపోయానే,” అంది అక్క.

కాళ్లీడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్లాను. పండు తీసుకుని వెనక్కి తిరిగేసరికి గుమ్మానికి అడ్డంగా పిల్ల. నా చేతిలోంచి పండు తీసుకుంది. నింపాదిగా ఒలిచి, నా ఎదుటే తినేసింది.

“అమ్మమ్మకి చెప్పకు,” గుసగుసలాడింది.

“ఎన్నాళ్లని పట్టి ఉంచుతావే? అలసిపోయానంటోంది.”

“మీరిద్దరూ తప్ప నాకెవరున్నారు?” నా చెంప నిమిరింది. “నీకు మాత్రం నేను చెప్పానా?”

నా గదికి వచ్చి తలుపేసుకున్నాను. నా తలాపునా తెల్ల గులాబీలే. రోజూ పొద్దున్నే వచ్చి వాటి నీళ్లు మారుస్తుంటే, ముసలిదాని మీద ప్రేమ కాబోలనుకున్నాను.

లైటు కింద చేతులు చాపి గోళ్లు చూసుకున్నాను. ఎండాకాలంలో కత్తిరించుకున్నవి... ఇప్పుడే కత్తిరించినట్టున్నాయి.