గాజుపళ్ళెంలో ప్రాణం

అమావాస్య మిట్టమధ్యాహ్నం... పట్టపగలే చీకటి! కారుమేఘాలు కాలేజీని కమ్ముకున్నాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా ల్యాబ్‌లోని సీసాలన్నీ గజగజ వణుకుతున్నాయి. కిటికీ మీద గుడ్లగూబ... పగటిపూట కూసింది!

బల్ల మీద కపాలం. దాని పక్కన మూత పెట్టిన గాజుపళ్ళెం. నేల మీద జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలవేసి ఊగిపోతోంది డిగ్రీ మొదటి ఏడాది చదివే చెల్లెలు. నోరు ఆమెదే... గొంతు ఆమెది కాదు!

"ఆకలి... ఆకలి...!"

చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చిన అక్క, అదే ల్యాబ్‌లో పనిచేసే మూడో ఏడాది పిల్ల, గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"రా అమ్మాయ్," అన్నాడు ప్రొఫెసరు. పరిశోధన నేర్పుతానని పిల్లల్ని చేరదీసే ఆ ముసలివాడు నల్లబట్ట కట్టి, ఒళ్ళంతా బూడిద పూసుకుని ఉన్నాడు. "ప్రయోగానికని నీ చెల్లెలి నెత్తురు తీసుకున్నాను కదా! ఈ పళ్ళెంలో ఆ నెత్తుట్లోనే దాని ప్రాణాన్ని మొలిపించాను. అది తెల్లగా పెరిగేకొద్దీ ఇది ఎండిపోయింది. ఇక ఆ మొలకను తీసి కపాలంలో వెయ్యి. దీనికి పూనిన శక్తి ఆ మొలకను మింగుతుంది. నీ చెల్లెలి ఆయుష్షు నాకొస్తుంది!"

"మీరే వేసుకోండి!"

"నా చేతులు వణుకుతాయి. నువ్వు వెయ్యకపోయావో... దాని మెడ ఇప్పుడే విరుగుతుంది! ఏడవకు. ప్రయోగమన్నాక ఎలకలు చావవూ?"

"నా చెల్లెలు ఎలక కాదు!"

చెల్లెలి మెడ మెల్లగా వెనక్కి తిరగసాగింది... అక్క పరుగున వచ్చి పళ్ళెం మూత తీసింది.

తెల్లటి మొలక. దాని చుట్టూ... ఇవేమిటి? ఆవగింజలంత పసుపుచుక్కలు!

అక్కకు ల్యాబ్‌లో నేర్చిన మొదటి పాఠం గుర్తొచ్చింది. తెరిచిన పళ్ళెం మీద నోరు మెదపకూడదు. నోటి తుంపర పడితే అదీ మొలుస్తుంది. ఈయన రోజూ దీని మీదికి వంగి మంత్రాలు చదివాడు! మంత్రానికి చెల్లెలి నెత్తురు ప్రాణమై మొలిస్తే, ఈయన ఉమ్మి ఊరుకుంటుందా?

మొలకల్ని ఎత్తే సన్నటి తీగను బల్ల మీది దీపం మంటలో ఎర్రగా కాల్చి చల్లారనిచ్చింది. ప్రొఫెసరు కళ్ళు మూసుకుని మంత్రం అందుకున్నాడు. తెల్లదాన్ని తాకకుండా, ఊపిరి బిగబట్టి, పసుపుచుక్కలు ఒక్కొక్కటే ఎత్తి కపాలంలో వేసింది.

ఫెళఫెళమని పిడుగు! కపాలం దవడలు తెరుచుకున్నాయి...

"అబ్బా! నా గుండె...! ఎవరి ప్రాణం వేశావే?"

"మీ నోట్లోంచి రాలిందే సార్!"

ముసలివాడు పాక్కుంటూ వచ్చి చెల్లెలి కాళ్ళు పట్టుకున్నాడు. "తల్లీ! నేను నీ దాసుణ్ణి!"

చెల్లెలి గొంతులో శక్తి వికటంగా నవ్వింది. "నాకు దాసుడేంటి, దొరేంటిరా? పెట్టింది తింటాను!"

ఒక్క కేక...! నిలువునా నల్లబడి, ముడుచుకుపోయి, గుప్పెడు మసిగా రాలిపోయాడు.

పళ్ళెంలో తెల్లదనం కరిగి నెత్తుట్లో కలిసిపోయింది. చెల్లెలు కళ్ళు తెరిచింది.

"అక్కా... కాళ్ళు లేవడం లేదే. ఎత్తుకోవే."

"గాడిదలా పెరిగావు, నిన్నెవరు మోస్తారే!" అంటూనే, ఏడుస్తూనే ఎత్తుకుంది.