ఇద్దరి వాటా

చిట్టికి యాభై తొమ్మిదేళ్ళు. బరువు నూట పదమూడు కిలోలు. అమ్మ ముద్దుగా చిట్టి అని పిలవడం మొదలుపెట్టిన రోజుల్లో ఆవిడ ఒళ్ళో ఇమిడేంత పిల్ల. పిల్ల పెరిగింది, పేరు పెరగలేదు. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, మనిషిని చూసి, నవ్వు ఆపుకోలేక నానా తంటాలు పడతారు. ఆవిడే ముందు నవ్వేసి వాళ్ళ కష్టం తీర్చేస్తుంది.

ఆ రోజు పొద్దున్న మాత్రం చిట్టికి నవ్వు రాలేదు. ఎప్పటిలాగే స్నానాలగది బయట బరువు చూసే మిషన్ ఎక్కి గోడ పట్టుకుని నిలబడింది. అంకె ఆవిడకి కనిపించదు, మధ్యలో పొట్ట అడ్డం. అందుకని రోజూ భర్తే కళ్ళజోడు పెట్టుకుని వంగి చదివి చెప్తాడు. గడియారాలు బాగుచేసే మనిషికి చిన్న అంకెలు చదవడం ఒక లెక్క కాదు. అయినా ఆయన రెండుసార్లు చూశాడు.

"ఎంతండీ?"

"నూట పదమూడున్నర."

"అంటే పెరిగానా?"

"అరకిలో."

చిట్టి మెల్లగా మిషన్ దిగి కుర్చీలో కూలబడింది. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆపరేషన్ చేసి కడుపులో కొంత భాగం తీసేసి పొట్ట తగ్గిస్తామన్న డాక్టరు ఒకటే షరతు పెట్టింది. ముందు ఆరు వారాలు పల్చని సూప్ మీద ఉండి ఆరు కిలోలు తగ్గాలి. అలా తగ్గితేనే లోపల కాలేయం చుట్టూ కొవ్వు కరిగి, కోత క్షేమంగా సాగుతుంది. మొదటిసారి తగ్గకపోగా కిలో పెరిగింది. "ఇంకొక్క అవకాశం. ముందే నోరు కట్టుకోలేనివాళ్ళు తర్వాతా కట్టుకోలేరు. ఈ వయసులో అలాంటివాళ్ళకి కత్తి పెట్టలేను" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పింది.

"చిట్టీ, కోప్పడనంటే ఒకటి అడుగుతాను" అన్నాడు భర్త, కళ్ళజోడు తుడుస్తూ. "బడిలో పిల్లల డబ్బాల్లో మిగిలినవి ఏమైనా..."

"ఏమన్నారు?"

"ఒక బిస్కెట్టో, ఒక ముక్కో. మనిషన్నాక మనసు లాగుతుంది."

"ముప్పై నాలుగేళ్ళు కాపురం చేశారు. నేను మీకు అబద్ధం చెప్పిన రోజు ఒక్కటి చెప్పండి."

"మరి సూప్ తాగితే ఒళ్ళు ఎలా వస్తుందే?"

తనకి గాలి పీల్చినా ఒళ్ళు వస్తుందేమోనన్న అనుమానం ఆవిడకే పట్టుకుంది. వంటగదిలోంచి అమ్మ తొంగిచూసి, "పొద్దున్నే దాన్ని ఏడిపించకు బాబూ. ఇదిగో తల్లీ, సూప్ వేడిగా ఉంది, తాగేసి వెళ్ళు" అంది. ఎనభై నాలుగేళ్ళ ముసలావిడ, చీపురుపుల్లలా ఉంటుంది. ఆపరేషన్ మాట మొదట విన్నప్పుడు, ఈ వయసులో కోతలేమిటని పదిరోజులు గొడవచేసింది. తర్వాత ఏమనుకుందో, సూప్ కాచే పని తనే నెత్తిన వేసుకుంది. మూడు పూటలూ ఆవిడే కాచి, ఆవిడే వడకట్టి ఇస్తుంది. చిట్టి గటగటా తాగేసింది. ఆ గ్లాసే రోజులో ఆవిడకి ఉన్న సుఖం.

చిట్టి చిన్నపిల్లల బడిలో టీచరు. అక్కడ కుర్చీలన్నీ మోకాలి ఎత్తున ఉంటాయి, ఒక్కటి కూడా ఆవిడకి చాలదు. పిల్లల బూట్ల తాళ్ళు కట్టాలంటే వాళ్ళ కాలు బల్ల మీద పెట్టించుకుంటుంది. అదీ ఎలాగో నడిచిపోయేది. కిందటేడు ఒక పాప ఆటస్థలంలో పడి నుదురు పగలగొట్టుకుంది. చిట్టి పక్కనే ఉంది కానీ కింద కూర్చోలేకపోయింది. పక్క గది టీచరు పరుగెత్తుకొచ్చేదాకా, ఆ పాప రక్తం కారుతూ ఆవిడ పాదాల దగ్గర ఏడుస్తూనే ఉంది. ఆ సాయంత్రమే చిట్టి భర్తతో ఆపరేషన్ మాట ఎత్తింది. రాత్రుళ్ళు ఆవిడ ఊపిరి ఆగి ఆగి ఆడుతుంటే నిద్రమానుకుని కూర్చునే ఆయన, ఎదురుచెప్పలేదు.

అరకిలో పెరిగిన ఆ రోజు బడిలో నీళ్ళ మోటారు చెడిపోయి పిల్లల్ని మధ్యాహ్నమే పంపేశారు. చిట్టి ఆయాసపడుతూ ఇల్లు చేరింది. ముందుగదిలో భర్త గడియారం విప్పుకుని కూర్చున్నాడు. వంటగదిలో అమ్మ వీపు కనిపిస్తోంది. పొయ్యి మీద సూప్ ఉడుకుతోంది. ముసలావిడ అరచేతిలో కోడిగుడ్డంత వెన్న తీసి గిన్నెలో వేసింది. తర్వాత బియ్యం డబ్బా వెనకనుంచి పాలపొడి తీసి నాలుగు చెంచాలు కలిపింది. జీడిపప్పు పొడి కూడా కలిపి, గుడ్డలో వడకట్టి, వేలితో రుచి చూసి తృప్తిగా తలాడించింది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చిట్టి పట్టుకుంది.

"అమ్మా! ఏం చేస్తున్నావ్?"

ముసలావిడ చేతిలో చెంచా కిందపడింది.

"రోజూ ఇదేనా? మూడు పూటలా ఇదేనా? అందరూ నేను దొంగతిండి తింటున్నాననుకున్నారు. కట్టుకున్నవాడు కూడా అనుకున్నాడు. నన్ను చంపేద్దామనేనా నీ ఉద్దేశం?"

"నోరు ముయ్యవే! చంపేది వాళ్ళు. కడుపు కోసి పారేసేది వాళ్ళు. తగ్గకపోతే కోత చెయ్యం అన్నారుగా? అందుకే..."

అరుపులకి భర్త పరుగెత్తుకొచ్చాడు. పాలపొడి డబ్బా చూశాడు, వెన్న చూశాడు. "కంచే చేను మేస్తే ఇంకేం చెప్పాలి అత్తయ్యగారూ" అని గోడకి ఆనుకున్నాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి ఏదో అనబోయి, పొద్దున తనన్న మాట గుర్తొచ్చి తల దించుకున్నాడు.

ముసలావిడ మెల్లగా నేల మీద చతికిలబడింది. కోపమంతా జారిపోయింది.

"నీ చెల్లెలు గుర్తుందా చిట్టీ?"

చిట్టికి గుర్తుంది. అప్పుడు తనకి ఎనిమిదేళ్ళు, దానికి అయిదు.

"జ్వరం. లంఖణం పరమౌషధం అన్నాడు వైద్యుడు. ఇంట్లో పెద్దవాళ్ళందరూ అదే మాట. మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దన్నారు, నేను పెట్టలేదు. తొమ్మిదోరోజున 'అమ్మా, ఒక్క ముద్ద' అంది. తగ్గాక పెడతానమ్మా అన్నాను. మర్నాడూ అడిగింది. అదే చెప్పాను. ఆ మర్నాడు అడగలేదు."

భర్త వెళ్ళి పొయ్యి ఆపేశాడు.

"ఈ డాక్టరు కూడా తిండి పెట్టొద్దంటే, నా చేతులు ఒప్పుకోలేదే. నువ్వు సూప్ కోసం అలా చూస్తుంటే నాకు నీ చెల్లెలే కనపడేది."

చిట్టికి చాలా విషయాలు ఒక్కసారే అర్థమయ్యాయి. చెల్లెలు పోయిన తర్వాత తన కంచంలో వడ్డన రెట్టింపయింది. ఒకరోజు వద్దని తోసేస్తే అమ్మ ఆ కంచం ఒళ్ళో పెట్టుకుని, చూడలేనంతగా ఏడ్చింది. ఆ తర్వాత చిట్టి ఎన్నడూ వద్దనలేదు. ఆకలి ఉన్నా తింది, లేకపోయినా తింది. ఇప్పుడీ సూప్ సంగతీ అంతే. పల్చని కూరగాయల నీళ్ళకి అంత కమ్మదనం ఎక్కడిదని నాలుక అడుగుతూనే ఉంది. అమ్మ చేతి మహిమ అని సర్దిచెప్పుకున్నది తనే.

"అమ్మా, అది తినాల్సింది కూడా నేనే తిన్నాను. యాభై ఏళ్ళుగా ఇద్దరి వాటా తింటున్నాను. ఇంక నావల్ల కాదు" అంది చిట్టి. కింద కూర్చుని అమ్మని పట్టుకోవాలని ఎంత ఉన్నా, కూర్చుంటే లేవలేదు. నిలబడే ఏడ్చింది.

తర్వాత నాలుగు రోజులూ ఇల్లు చావు జరిగిన ఇల్లులా ఉంది. ముసలావిడ వంటగది గడప తొక్కలేదు. భర్త కాచిన సూప్ గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉండేది. చిట్టి అదే తాగింది. ఆయన ఒకసారి గ్లాసు అందిస్తూ, "నమ్మకపోవడం నాదే తప్పు" అన్నాడు. ఆవిడ తలూపింది కానీ, ఆ దెబ్బ ఇంకా మానలేదు.

ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నేనూ వస్తాను" అంది. భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దింపాడు.

ఆస్పత్రి మిషన్ నూట పదకొండు చూపించింది. డాక్టరు కాగితం చూసి కలం కింద పెట్టింది. ముసలావిడకి మనవరాలి ఈడు పిల్ల, కానీ మొహం గట్టిది.

"ఆరు వారాల్లో తగ్గింది ఒక కిలో. నేను ముందే చెప్పానమ్మా."

చిట్టి తల వంచుకుంది. అమ్మ పేరు చెప్పడానికి మనసొప్పలేదు. అంతలో పక్కనుంచి ముసలావిడ లేచింది.

"దాన్నేమనకు తల్లీ. తప్పు నాది. సూప్‌లో వెన్న కలిపాను, పాలపొడి కలిపాను. దానికి తెలీదు. నాలుగు రోజులనుంచి కలపడం లేదు, తగ్గుతోంది. కావాలంటే వీళ్ళాయన్ని అడుగు."

డాక్టరు ముగ్గురి మొహాలూ చూసింది. "ఇంకో మూడు వారాలు. ఈసారి తగ్గితే చేస్తాను" అంది. "కానీ వినండి. ఈ వయసులో ప్రమాదం లేదని నేను చెప్పను. చేశాక నెలల తరబడి చెంచాల లెక్కనే పెట్టాలి. ఇంట్లో ఒకళ్ళు మనసు గట్టి చేసుకుని చూసుకోవాలి. ఎవరు?"

భర్త నోరు తెరిచేలోపు ముసలావిడ అడిగింది.

"చెంచాలతో పెడితే దానికి ఆకలెయ్యదా?"

"పెద్దగా వెయ్యదు బామ్మగారూ. ఆకలి పుట్టించేది ఎక్కువగా ఆ తీసేసే భాగమే. మొదట్లో చాలామందికి ఆకలన్నదే తెలియదు."

"అసలు వెయ్యదా?"

"కొన్నాళ్ళు అసలు వెయ్యకపోవచ్చు."

"నన్ను అడగదన్నమాట."

"అడగరు."

ముసలావిడ బల్ల అంచు పట్టుకుంది. ఎండిపోయిన ఆ మొహం ముడతలన్నీ ఒక్కసారి వణికాయి. యాభై ఏళ్ళలో చిట్టి ఆవిడ ఏడుపు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. బయట వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా లేచి చూశారు. చిట్టి కుర్చీలోంచే రెండు చేతులూ చాచి, అమ్మని ఒళ్ళోకి లాక్కుంది.

కాసేపటికి ముసలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది.

"చెంచాలు నేను పెడతాను. ఎంత పెట్టమంటే అంతే పెడతాను."