వెనక సీటు కొలత

అత్తగారు మోటార్ సైకిలెక్కారు! అరవై ఎనిమిదేళ్ల అత్తగారు, నాలుగు మెట్లెక్కాలన్నా పక్కన ఎవరో ఒకరి భుజం కావలసిన అత్తగారు, కొడుకు వెనకాల రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చుని, చిన్నపిల్లలా కిలకిలా నవ్వుతూ వీధి మలుపు తిరిగి వస్తున్నారు! కరెంటు పోయి ఫ్యాక్టరీ వాళ్లు గంట ముందే వదిలేస్తే, కంపెనీ బస్సు దిగి చేతిసంచీతో నడిచి వస్తున్న కోడలు అక్కడే నిలబడిపోయింది. తన కళ్లను తనకే నమ్మబుద్ధి కాలేదు.

"ఇంకొక్క చుట్టు తిప్పరా! ఈసారి ఆ గుంటల మీదుగా పోనీ!" అంటున్నారావిడ.

కొడుకు సరేనని బండి వెనక్కి తిప్పాడు. గోడ పక్కన నిలబడ్డ భార్య వైపు చూడనైనా చూడలేదు. కోడలి గుండె కలుక్కుమంది. తను బండెక్కడం మానేసి సరిగ్గా ఇరవై రోజులు... ఆ ఇరవై రోజుల్లో ఒక్కసారైనా "పోనీ, ఇవాళ నాతో రా" అనని మనిషి, ఇప్పుడు తల్లిని ఎక్కించుకుని షికార్లు తిప్పుతున్నాడా!

ఆమె షర్టులు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు ఇస్త్రీ చేస్తుంది. ఎనిమిది గంటలు నిలబడే పని. నోట్లో నాలుక లేని మనిషి. కూరలో ఉప్పు లేకపోతే "ఫరవాలేదు", వానలో తడిసి వస్తే "ఫరవాలేదు", వేలు కాలినా "ఫరవాలేదు"! అందుకే అత్తగారు పెళ్లయిన మొదటి నెలలోనే ఆమెకు ఫరవాలేదమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు వీధంతా పాకి ఫ్యాక్టరీ దాకా కూడా వెళ్లింది. ఆమె భర్త కుషన్ మేస్త్రి. ఆ ఊళ్లో బ్యాంకు కుర్చీలు, మంగలి షాపు కుర్చీలు, సినిమా హాల్లో బాల్కనీ సీట్లు అన్నీ అతని చేతి పనే. ఊరందరూ అతను కుట్టిన మెత్తటి సీట్ల మీద హాయిగా జారగిలబడితే, అతని భార్య మాత్రం పన్నెండేళ్లుగా బండి వెనకాల చెక్కలాంటి సీటు మీద కూర్చుని వెళ్లి వస్తోంది. దీపం కింద చీకటి అంటే ఇదే కదా!

అయినా ఆ సీటంటే ఆమెకు ప్రాణం. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి నలభై నిమిషాలు, తిరిగి రావడానికి నలభై నిమిషాలు. రోజు మొత్తంలో వాళ్లిద్దరిదీ అనుకునే సమయం అదొక్కటే. ఇంట్లోకి అడుగుపెడితే కూతురి హోంవర్కు, అత్తగారి మందులు, మేస్త్రి కోసం గుమ్మంలో నిలబడే ఖాతాదార్లు... బండి మీదైతే అతను గాలికి గొంతు పెంచి కబుర్లు చెప్పేవాడు. కుర్చీ మరీ మెత్తగా ఉంది, డ్యూటీలో నిద్రొస్తోంది అని వాపసు తెచ్చిన బ్యాంకు మేనేజరు కథ చెబితే, ఆమె అతని వీపు మీద తల ఆనించి కడుపుబ్బ నవ్వేది. వాళ్ల పోట్లాటలు కూడా బండి మీదే మొదలై, మూడో సిగ్నలు దగ్గరికి వచ్చేసరికి తీరిపోయేవి.

మరి ఆ బండినే మానుకోవలసి వచ్చింది! నడుము నొప్పి కాస్తా తుంటిలోకి దిగి, కాలు లాగడం మొదలుపెట్టింది. "ఆ వెనక సీటైనా మార్పించుకో తల్లీ, లేదా బండెక్కడమైనా మానెయ్యి" అన్నాడు డాక్టరు, తోడు వెళ్లిన కూతురి ముందే. ఫరవాలేదమ్మ కదా... భర్తకు రెండో ముక్క మాత్రమే చెప్పింది! ఊరందరి సీట్లతో సతమతమయ్యే మనిషికి తన సీటు కూడా అంటగట్టడమెందుకులే అనుకుంది. "డాక్టరు బండి మానెయ్యమన్నాడండీ. రేపట్నుంచి కంపెనీ బస్సులో వెళ్తాను" అంటే అతను కాసేపు చూసి, "సరే" అన్నాడు. అంతే! ఆ ఒక్క "సరే" ఆమెను ఇరవై రోజులుగా లోలోపల కోస్తోంది. వద్దంటాడనుకుంది... కనీసం "అయ్యో" అంటాడనుకుంది...

ఆమె గబగబా ఇంట్లోకి వెళ్లి వంటగదిలో పీట మీద కూలబడింది. ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు. ఇంతలో అత్తగారు ఆయాసపడుతూ, నవ్వుతూ లోపలికి వచ్చి కోడలిని చూసి నిలబడిపోయారు.

"అయ్యో, అమ్మాయ్! ఇంత తొందరగా వచ్చావేం? ఏడుస్తున్నావా? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదత్తయ్యా... అదే నా బాధ! నేను బండి మానేస్తే ఈయనకు పెద్ద భారం దిగినట్టుంది! మిమ్మల్ని తిప్పితే నాకు సంతోషమే... కానీ ఇన్నాళ్లూ ఆయన వెనకాల కూర్చున్న దాన్ని, ఒక్కసారైనా రమ్మని పిలవరా? నాకంటూ ఉన్నదే ఆ కాస్త చోటు! అది కూడా పోయిందత్తయ్యా..."

వాకిట్లోకి వచ్చిన మేస్త్రికి ఆ మాటలు వినబడ్డాయి. అతని మొహం పాలిపోయింది. ఏదో అనబోయి తల్లి వైపు చూశాడు. తల్లి గోడ వైపు చూశారు. వాళ్లిద్దరి సంగతీ తేల్చడానికి అన్నట్టు పదేళ్ల కూతురు పుస్తకాల సంచీతో ఊడిపడింది. ఆ పిల్లకు ఇంట్లో రేడియో అని పేరు. ఒకసారి మోగడం మొదలుపెడితే ఆపే మీట లేదు.

"అమ్మా! నీకోసమే కొత్త సీటు చేస్తున్నారు! డాక్టరు సీటు మార్చమన్నాడని నాన్నకి నేనే చెప్పేశా! నీకు చెప్పకుండా చేద్దామని నాన్నమ్మని కూర్చోబెట్టి కొలతలు తీశారు! నన్నెవరికీ చెప్పొద్దన్నారు, నేనెవరికీ చెప్పలేదు!"

"ఇంకా ఎవరికి చెప్పాలే?" అన్నారు అత్తగారు నుదురు కొట్టుకుంటూ.

మేస్త్రి తప్పు చేసిన పిల్లాడిలా చేతులు నలుపుకున్నాడు. "అది కాదే... పన్నెండేళ్లు నిన్ను ఆ చెక్క మీద కూర్చోబెట్టాను. ఇంకోళ్లు చెబితే గానీ తెలియలేదు నాకు! ఏ మొహం పెట్టుకుని రా అనేది? సీటు తయారు చేసుకునే పిలుద్దామనుకున్నా."

ఆమెకు ఏడుపులోంచే నవ్వొచ్చింది. ఇరవై రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. అందరూ కలిసి ఆమెను వాకిట్లోకి లాక్కుపోయారు.

సీటు చూడటానికి మహారాజుల సోఫాలా ఉంది! జానెడు మందాన స్పాంజి, పైన మెరూన్ రంగు రెక్సిన్, అంచుల్లో తెల్ల దారంతో ముచ్చటైన కుట్టు. ఆమె ఎక్కి కూర్చుంది. మేస్త్రి ముందు కూర్చుని బండి కదిలించాడు. తీరా కదిలాక చూస్తే, స్పాంజి అణిగిపోయి, కాళ్లు పెట్టుకునే కడ్డీల మీద పాదాలు పెడితే ఆమె మోకాళ్లు పొట్ట దాకా వచ్చాయి. గుంట రాగానే ఆ మెత్తటి స్పాంజిలో మునిగి కింద రేకుకు తగిలి పైకి లేచింది. బ్రేకు వేయగానే జర్రున జారి మొగుడి వీపుకు గుద్దుకుంది! వీధి చివరి దాకా వెళ్లి వచ్చేలోపు మూడుసార్లు జారింది.

"ఎలా ఉంది?" అన్నాడు అతను, కళ్ల నిండా ఆశతో.

ఆ మొహం చూస్తూ ఉన్నమాట చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. "ఫరవాలేదండీ..." అంది.

"ఒరేయ్, దిగరా!" అత్తగారు గేటు దగ్గర్నుంచి ఒక్క కేక పెట్టారు. "ఫరవాలేదట, ఫరవాలేదు! దాని చేతులు చూడు, నీ చొక్కా చిరిగేలా పట్టుకుంది! అది నా కొలతకు కుట్టిన సీటు. నేను పొట్టి, బొద్దు. కోడలు నాకన్నా జానెడు పొడుగు, చీపురుపుల్ల! వాడే మనిషిని కూర్చోబెట్టకుండా కుర్చీ కుట్టకూడదని మీ నాన్న నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవారు కదరా!"

"మరి ఆ ముక్క నన్ను కూర్చోబెట్టిన రోజే చెప్పొచ్చు కదమ్మా!"

"చెబుదామనే అనుకున్నా... కానీ మూడు రోజులు షికారు దొరికింది కదా, దాన్నెందుకు చెడగొట్టుకోవడమని ఊరుకున్నా!" అని ఆవిడ ఏమాత్రం సిగ్గుపడకుండా ఒప్పేసుకున్నారు. "ఇంక మాటలాపి, పోయి ఇసుక పళ్లెం పట్రా."

ఆ ఇసుక పళ్లెం మేస్త్రి తండ్రి కాలం నాటిది. వెడల్పాటి రేకు పళ్లెంలో జల్లించిన సన్నటి ఇసుక కాస్త తడిపి, చదును చేసి ఉంచేవారాయన. కుర్చీ కావాలని వచ్చినవాణ్ణి ముందు దాంట్లో కూర్చోబెట్టేవారు. మనిషి లేచాక ఇసుకలో పడిన అచ్చు చూస్తే, బరువు ఎక్కడ పడుతోందో, ఎక్కడ దన్ను కావాలో తెలిసిపోతుంది. నోరు మొహమాటపడుతుంది గానీ ఇసుక మొహమాటపడదు అనేవారు. తయారైన సీట్లు అమ్మే రోజులొచ్చాక ఆ పళ్లెం షాపులో బల్ల కిందకు చేరింది.

మేస్త్రి షాపు నుంచి పళ్లెం తెచ్చి, సీటు విప్పి దాని చోట అమర్చాడు. తనూ ఎప్పటిలాగే పనిముట్ల సంచీ భుజాన తగిలించుకుని ముందు కూర్చున్నాడు. "రోజూ ఎలా కూర్చుంటావో అలాగే కూర్చో. సర్దుకోకు" అన్నాడు. ఆమె ఇసుక మీద పాత గుడ్డ పరిచి కూర్చుని, చెప్పినంతసేపు ఉండి దిగింది. గుడ్డ తీసి చూశారు.

ఎడమవైపు లోతుగా గుంట పడింది. కుడివైపు ఇసుక దాదాపు చెదరనే లేదు!

"ఇదేంటి! ఒక్క పక్కనే కూర్చున్నావా? సరిగ్గా కూర్చో అన్నా కదా!"

ఆమె తల వంచుకుంది. "నేను రోజూ అలాగే కూర్చుంటానండీ..."

మేస్త్రికి అర్థం కాలేదు. అత్తగారు మాత్రం కొడుకు భుజాన ఉన్న సంచీని వేలుపెట్టి చూపించారు. సుత్తి, మేకుల డబ్బా, పెద్ద కత్తెర, పట్టకారు... అయిదారు కిలోల సంచీ అతని కుడి నడుము వెనక్కి వేలాడుతోంది. అంటే, వెనక కూర్చున్న మనిషి కుడి తుంటికి సరిగ్గా ఎదురుగా! గుంట వచ్చినప్పుడల్లా ఆ సుత్తి పిడి...

"పన్నెండేళ్లా?" అన్నాడు అతను. "పన్నెండేళ్లుగా నా సంచీ కోసం పక్కకు ఒరిగి కూర్చున్నావా? ఒక్కమాట... ఒక్కమాట ఎందుకు చెప్పలేదే?"

"మొదటి రోజు అన్నారు కదండీ... సంచీ ముందు పెట్టుకుంటే హ్యాండిల్ తిప్పడానికి అడ్డమొస్తుందని. మరి మీరే కదా నడిపేది..."

అతనికి ఆ మాట గుర్తే లేదు! తను గాలికి అనేసి మరిచిపోయిన ఒక్క మాట కోసం ఈ పిచ్చిది నడుం వంకర చేసుకుంది! మేస్త్రి సంచీ దించి నేలమీద పెట్టాడు. పళ్లెంలో ఆ ఒంటివైపు గుంటను అరచేత్తో తడిమాడు. ఊరంతటి నడుములూ కొలిచిన చెయ్యి అది! చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారే అమ్మాయ్!" అన్నారు అత్తగారు ముక్కు చీదుకుంటూ. "నువ్వు అడగలేదు. వీడు చూడలేదు. ఇద్దరికీ ఇద్దరే!"

మేస్త్రి జేబులోంచి టేపు తీశాడు. నిలబడ్డ భార్య ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఖాతాదారును అడిగినంత శ్రద్ధగా అడిగాడు. "చెప్పు. ఎక్కడ నొప్పి?"

పన్నెండేళ్లలో మొదటిసారి! ఆమె నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ... మోకాళ్లు మరీ మడవాల్సి వస్తే ఇక్కడ... బ్రేకు వేస్తే జారిపోతానేమోనని భయంతో బిగబట్టి బిగబట్టి, ఇదిగో, భుజాల్లో... అతను ఒక్కొక్కటే రాసుకున్నాడు. రేడియో మూగబోయి నోరు తెరుచుకుని వింది.

శని, ఆదివారాలు షాపు మూసేశాడు. ఈసారి కింద గట్టి స్పాంజి, పైన వేలెడు మెత్తది వేశాడు. జారకుండా సీటు ముందంచు కాస్త ఎత్తాడు, వెనక వెడల్పు చేశాడు. వెల్డింగ్ షాపులో కాళ్ల కడ్డీలు రెండంగుళాలు కిందికి దింపించాడు. ఇద్దరి బరువుకు తగ్గట్టు వెనక స్ప్రింగులు సరిచేశాడు. నడుముకు చిన్న దిండు బిగించాడు. ప్రతి పనికీ ముందు ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు. ఇంక పనిముట్ల కోసం బండి పక్కన ఒక ఇనప పెట్టె బిగించి, ఆ సంచీని మేకుకు తగిలించేశాడు. మెరూన్ సోఫాను కోసి ఆ స్పాంజి వాడుకుందామంటే మాత్రం అత్తగారు ఒప్పుకోలేదు. "నా సీటు మీద కత్తెర పడితే ఊరుకోను! రెండు బోల్టులే కదా... ఆదివారం సాయంత్రం నాది నాకు బిగించు!"

సోమవారం ఉదయం కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఆమె గేటు దగ్గర్నుంచే చెయ్యి ఊపి పొమ్మంది. తర్వాత బండెక్కి, నడుం నిటారుగా పెట్టి, తన బరువంతా సీటు మీద సరిసమానంగా వేసి కూర్చుంది. మొదటి గుంట దాటారు, రెండోది దాటారు. సిగ్నలు దగ్గర బ్రేకు వేసినా ఆమె కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. మేస్త్రి అద్దంలో ఆమె మొహమే చూస్తున్నాడు. అడగడానికి అతనికి భయంగా ఉంది. ఆ పాత మాటే వినాల్సి వస్తుందేమోనని.

"ఎలా ఉంది?" అన్నాడు చివరికి.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "కుడివైపు అంచు కొంచెం గుచ్చుకుంటోందండీ! సాయంత్రం కాస్త చెక్కాలి."

మేస్త్రి పెద్దగా నవ్వాడు. పక్క బండివాడు తిరిగి చూసేంతగా నవ్వాడు. జీవితంలో ఏ ఖాతాదారు మెచ్చుకున్నా అతనికి అంత సంతోషం కలగలేదు!

"చెక్కుతాను! ఇంకేమైనా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ. "పన్నెండేళ్లవి! ఈ నలభై నిమిషాలు ఏం సరిపోతాయి?"

"అయితే సాయంత్రం చుట్టుదారిన వెళ్దాంలే" అని అతను బండిని ముందుకు పోనిచ్చాడు.